‘ఏజెన్సీ’ అనే మాట: అర్థాలు, వాడుక, అనువాదం

9.1 ప్రవేశిక

ఈ వాక్యాన్ని ఒకసారి చదవండి: ‘ఏజెన్సీలో ఏజెన్సీలు ఎన్ని ఉన్నా ఆదివాసులకు ఏజెన్సీ లేదు.’ ఇది ఈ పాఠం కోసం మేము కల్పించుకున్న వాక్యమే. అయినా ఇందులో వ్యాకరణదోషం ఏమీ లేదు. మొదటి ‘ఏజెన్సీ’ ఒక ప్రాంతం, రెండవది సంస్థ, మూడవది మనిషికి ఉండే ఒక సామర్థ్యం. తెలుగు పాఠకుడు మొదటి రెండింటినీ సులువుగా దాటి మూడవదాని దగ్గర ఆగిపోతాడు. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి లండన్‌లో ఉన్నవారికి ఇస్తే వారికి చివరి రెండూ అర్థమవుతాయి, మొదటిదాని దగ్గర తెల్లమొహం వేస్తారు. మాట ఇంగ్లీషుదే. కాని దాని అర్థాల్లో ఒకటి మన కొండల మీద స్థిరపడింది.

అనువాదం నేర్చుకునే మీకు ఈ మాటతో పని పడని రోజు ఉండదు. పత్రికల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో, సామాజికశాస్త్ర గ్రంథాల్లో ఇది ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. నిఘంటువు తెరిస్తే ‘సంస్థ’, ‘ప్రాతినిధ్యం’, ‘కర్తృత్వం’ అని వరసగా కనిపిస్తాయి. వాటిలో దేన్ని ఎక్కడ వాడాలో, వాడకపోతే ఏం పోతుందో నిఘంటువు చెప్పదు. ఈ పాఠం ఆ పని మీదే.

9.2 చేసేవాడు, చేయించేవాడు

‘ఏజెంటు’, ‘ఏజెన్సీ’ రెండూ లాటిన్‌లో ‘చేయు’, ‘నడుపు’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చాయి. ‘యాక్షన్’, ‘యాక్టర్’ కూడా ఆ కుటుంబంలోవే. కాబట్టి ఏజెంటు అంటే మూలంలో కేవలం ‘చేసేవాడు’. మరి వాడుకలో అతడు ‘ఒకరి తరఫున చేసేవాడు’ ఎలా అయ్యాడు? ఇక్కడ మీరు బడిలో చదువుకున్న వ్యాకరణం పనికొస్తుంది.

‘యజమాని పాలేరు చేత పొలం దున్నించాడు’ అనే వాక్యంలో దున్నిన చేతులు పాలేరువి, సంకల్పం యజమానిది. మన వ్యాకరణ సంప్రదాయం ఈ ఇద్దరినీ వేరు చేసి, చేయించేవాణ్ణి ప్రయోజక కర్త అనీ, అతడి ప్రేరణతో చేసేవాణ్ణి ప్రయోజ్య కర్త అనీ అంది. పాణిని కర్తకు చెప్పిన ముఖ్య లక్షణం స్వాతంత్ర్యం. అంటే క్రియ ఎవరి అధీనంలో ఉంటుందో వారు కర్త. ఇంగ్లీషు ‘ఏజెంటు’లో ఈ రెండు భావాలూ విడిపోకుండా ఉన్నాయి. తత్త్వశాస్త్రంలో ఏజెంటు స్వతంత్ర కర్త. చట్టంలో అతడు ప్రయోజ్య కర్త. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం పదవ అధ్యాయం మొత్తం ఈ రెండో ఏజెంటు గురించే. అతడి వెనక ‘ప్రిన్సిపల్’ అనే మరొకరు ఉంటారు. ఏజెంటు తన అధికార పరిధిలో కుదుర్చుకున్న ఒప్పందం ఆ వెనకవారిని కట్టేస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే, సాధారణంగా ఏజెంటు తాను సొంతంగా దానికి కట్టుబడడు.

ఒకే మాట రెండు వ్యతిరేక దిశల్లో లాగుతోందని గుర్తుంచుకోండి. ఈ పాఠంలో ముందు వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

తరఫున పనిచేసేవారికి తెలుగులో మాటలు లేక ఇంగ్లీషు మాట తెచ్చుకోలేదు. దుబాసి, దలారి, ముక్త్యారు మనకు ఉన్నారు. గుమాస్తా సంగతి మరీ ఆసక్తికరం. పారశీకంలో ఆ మాటకు ‘నియమితుడు’, ‘ప్రతినిధి’ అని అర్థం. పద్దెనిమిదవ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ తరఫున నేతగాళ్లకు బయానాలిచ్చి గుడ్డ రాబట్టినవాడు గుమాస్తా. ఇవాళ గుమాస్తా అంటే బల్ల ముందు కూర్చుని కాగితాలు రాసేవాడు. ఆ మాటలోంచి ‘తరఫున’ అనే అర్థం జారిపోయింది, ఖాళీ అయిన చోట్లోకి ‘ఏజెంటు’ వచ్చి కూర్చున్నాడు.

9.3 ‘సంస్థ’ అనే దుప్పటి

ఇప్పుడు సంస్థ అనే అర్థాన్ని చూద్దాం. ‘ఇస్రో’ పేరులో ఉన్నది ఆర్గనైజేషన్, తెలుగులో సంస్థ. ఆర్టీసీలో ఉన్నది కార్పొరేషన్, అదీ సంస్థే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇంగ్లీషులో ఇన్‌స్టిట్యూట్. ఎన్.ఐ.ఎ. జాతీయ దర్యాప్తు సంస్థ, అక్కడ ఉన్నది ఏజెన్సీ. గిరిజన ప్రాంతాల్లోని ఐటీడీఏ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అక్కడా ఏజెన్సీయే. ఇవి చాలవన్నట్టు పంచాయతీలు స్థానిక సంస్థలు, భాగస్వాముల దుకాణం వ్యాపార సంస్థ.

ఇన్ని రకాలను ఒక్క మాట కప్పడంలో సౌకర్యం ఉంది, కాదనలేం. పత్రికా శీర్షికకు రెండక్షరాల మాట దొరకడం చిన్న విషయం కాదు. కాని ‘సంస్థ’లో ఉన్న ధాతువు ‘నిలుచు’ అనే అర్థానిది. సంస్థ అంటే నిలబెట్టినది, నిలిచి ఉన్నది. ‘ఏజెన్సీ’లో ఉన్నది ‘చేయు’. నిలిచి ఉన్నదాన్ని చూసి మనం ‘ఎప్పటినుంచి ఉంది, ఎంత పెద్దది’ అని అడుగుతాం. చేసేదాన్ని చూస్తే ‘ఎవరి కోసం చేస్తోంది’ అని అడగాలనిపిస్తుంది. ఏజెన్సీని సంస్థ చేసినప్పుడు పోయేది ఈ రెండో ప్రశ్నే.

దర్యాప్తు సంస్థ అన్నప్పుడు పెద్ద నష్టం లేదు. అది ప్రభుత్వానిదని అందరికీ తెలుసు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి నియామక పత్రాన్ని తెలుగు చేస్తున్నారనుకోండి, అప్పుడు సంగతి వేరు. ఆసుపత్రిలో ఊడ్చే ఆమెకు జీతం ఇచ్చేది ఏజెన్సీ, పని చెప్పేది ఆసుపత్రి. మూడు నెలలు జీతం రాలేదు. ‘మీరు సంస్థ ఉద్యోగి’ అని పత్రంలో ఉంటే ఆమె ఏ గుమ్మం ఎక్కాలి? కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే పని చేయించుకున్న ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కోడ్‌లో కూడా ఆ సూత్రం ఉంది. అంటే చట్టం ఇద్దరిని చూస్తోంది, మన అనువాదం ఒకరినే చూపిస్తోంది. ఇలాంటి చోట ‘కార్మికులను సమకూర్చే సంస్థ’ అని విడమరచి రాయండి. వాక్యం పొడవైతే పొడవు కానివ్వండి.

దుకాణాల బోర్డుల మీది ‘ఏజెన్సీస్’ మరో రకం. ఒక్క గదిలో ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్టుకు కూడా బహువచనమే. ‘ఫలానా కంపెనీ ఏజెన్సీ తీసుకున్నాడు’ అని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కొట్టువాడు సరుకును తన డబ్బుతో కొని తన లాభానికి అమ్ముతుంటే చట్టం దృష్టిలో అతడు అమ్మకందారు, ఏజెంటు కాడు. పంటకు మందు పనిచేయనప్పుడు ‘మాది ఏజెన్సీ మాత్రమే, కంపెనీనే అడుక్కోండి’ అనే జవాబు వస్తుంది. బోర్డు మీద ఏం రాసుకున్నా ఇక్కడ తేల్చేది వారిద్దరి మధ్య ఉన్న ఒప్పందం, రైతు చేతిలోని బిల్లు. గల్ఫ్‌కు మనుషులను పంపేచోటా ఇంతే. 1983 వలసల చట్టం ప్రకారం నమోదు పత్రం ఉన్న ఏజెంటూ, ఏ పత్రమూ లేకుండా పాస్‌పోర్టులు పోగుచేసే ఊరి మధ్యవర్తీ జగిత్యాలలోనైనా నిజామాబాదులోనైనా ఒకే మాటతో చలామణీ అవుతారు. తెలుగులో ‘ఏజెంటు’ అన్న మాట వినబడితే అతడి వెనక ఎవరున్నారని అడిగే అలవాటు చేసుకోవాలి.

9.4 గవర్నరు ఏజెంటు నుంచి ఏజెన్సీ దాకా

ఈ మాట ప్రాంతం పేరు కావడానికి ఒక తేదీ ఉంది. 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో జమీందారుల తిరుగుబాట్లు కంపెనీ ప్రభుత్వాన్ని సతాయించాయి. విచారణకు వచ్చిన జార్జ్ రస్సెల్ సిఫారసుల మీద 1839లో 24వ చట్టం చేశారు. దాని ప్రకారం ఆ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచీ, మామూలు నిబంధనల నుంచీ తప్పించారు. జిల్లా కలెక్టరు అక్కడ కలెక్టరుగా కాక మద్రాసు గవర్నరుకు ఏజెంటుగా సివిల్, క్రిమినల్ అధికారాలు రెండూ చెలాయిస్తాడు. ఆ ఏజెంటు అధికారం నడిచే మేర ఏజెన్సీ. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం తరువాత గోదావరి మన్యం కూడా ఇదే ఏర్పాటులోకి వచ్చింది.

అంటే ఇది మొదట అధికారి హోదా పేరు, తరువాత అతడి అధికార పరిధి పేరు, చివరికి ఆ నేల పేరు. ఇలా జరగడం ఇక్కడి ప్రత్యేకత కాదు. వాయవ్య సరిహద్దులో ఖైబర్, కుర్రం, వజీరిస్థాన్‌లు కూడా ఏజెన్సీలే. పాకిస్తాన్ 2018లో వాటిని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపి జిల్లాలుగా మార్చింది, పేరు అక్కడితో ఆగింది. అమెరికాలో ఆదిమజాతుల రిజర్వేషన్లను పర్యవేక్షించిన అధికారినీ ఏజెంటు అనేవారు, అతడి కార్యాలయం ఏజెన్సీ. మూడు చోట్లా జరిగిన పని ఒకటే. దూరాన ఉన్న ప్రభుత్వం నేరుగా రాలేని చోటికి, లేదా నేరుగా రావడం ఇష్టంలేని చోటికి, తన తరఫున ఒకణ్ణి పంపింది. అక్కడి మనుషులు అతడి ద్వారా తప్ప లెక్కలోకి రారు.

మన దగ్గర పేరు ఆగలేదు. 1917లో ఏజెన్సీ ప్రాంతాల భూబదిలీ చట్టం వచ్చింది. కొండజాతివారి భూమి ఇతరులకు దక్కాలంటే ఏజెంటు అనుమతి కావాలని అది చెప్పింది. 1935 చట్టం ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అంది. రాజ్యాంగం అయిదవ షెడ్యూలులో చేర్చి ‘షెడ్యూల్డ్ ప్రాంతాలు’ అంది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధనలు చేసినప్పుడు ఏజెంటు మళ్లీ చట్టంలోకి వచ్చాడు. ఈసారి గవర్నరుకు కాదు, రాష్ట్ర ప్రభుత్వానికి. 1963లో ఆ నిబంధనలను తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు అడవుల్లో మద్రాసు గవర్నరు ఏజెంటు ఏనాడూ లేడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఎదిరించింది వేరొక ప్రభుత్వాన్ని. అయినా ఇప్పుడు ఉట్నూరూ ఏజెన్సీయే, ఏటూరునాగారమూ ఏజెన్సీయే. హోదా పోయింది, అది లేని చోటికి కూడా మాట నడిచి వెళ్లింది.

ఇందులో నష్టం ఏమిటని మీరు అడగవచ్చు. జనం నోట నిలిచిన మాటే కదా. నష్టం ఉంది, అది భూమి విషయంలో. 1970లో సవరించిన తరువాత భూబదిలీ నిబంధన ఎంతో గట్టిది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మలేడు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా, చట్టం భావిస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఆ నిబంధనకు లోబడినదేనని చెప్పి గనుల లీజులను కొట్టివేసింది. ఇంత బలం ఉన్నది ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ అనే మాటకు, నోటిఫికేషన్‌లో ఎక్కిన గ్రామానికి. ‘ఏజెన్సీ’ అని అందరూ పిలిచే ఊరికి కాదు. కొండ కింద, అడవి అంచున, ఊరంతా ఆదివాసులే ఉండి కూడా జాబితాలోకి ఎక్కని గ్రామాలు ఉన్నాయి. వాటిని చేర్చాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పత్రిక ఆ ఊరినీ ఏజెన్సీ గ్రామం అని రాస్తుంది. చదివినవాడు ఆ చట్టం అక్కడా ఉందనుకుంటాడు. అనువాదకుడు ‘షెడ్యూల్డ్ ఏరియా’ అని మూలంలో ఉన్నచోట వాడుక కోసమని ‘ఏజెన్సీ’ అని మార్చితే, ఒక హక్కు ఉన్న ఊరినీ లేని ఊరినీ కలిపేస్తున్నాడు. చట్టసంబంధమైన రచనలో ఈ మార్పు చేయకండి.

మరి చట్టం కాని రచనలో? మనకు మన్యం ఉంది. అల్లూరి సీతారామరాజును మన్యం వీరుడన్నారే గాని ఏజెన్సీ వీరుడన్నవారు లేరు. ప్రేమతో పిలిచినప్పుడు నోటికి వచ్చే మాట, జ్వరాల వార్త రాసేటప్పుడు వచ్చే మాట వేరువేరుగా ఉండటం గమనించదగ్గది. ‘ఏజెన్సీలో విషజ్వరాలు’, ‘ఏజెన్సీ గజగజ’ అనే ధోరణి శీర్షికలు మీరు చూసే ఉంటారు. వాటిలో ఆ నేల ఎప్పుడూ ఏదో ఒకదానికి గురవుతూ కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, మన్యం అనే మాట అధికారికంగా పటం మీదికి వచ్చింది. కాబట్టి అది కవితల మాట, పాతబడిన మాట అని వెనుకాడనక్కరలేదు. అయితే తెలంగాణ అడవులకు మన్యం అనే పేరు అతకదు. అక్కడ ‘ఆదివాసీ ప్రాంతం’ అనడం మేలు. ఇంకో సంగతి: మన్యాన్ని మాన్యం అని దీర్ఘమిచ్చి రాయకండి. మాన్యం అంటే ఇనాముగా ఇచ్చిన భూమి. విద్యార్థుల జవాబుపత్రాల్లో ఈ పొరపాటు తరచుగా కనబడుతుంది.

9.5 కర్తృత్వం, చొరవ

మూడవ అర్థం పుస్తకాల ద్వారా వచ్చింది. మనుషులు తమను చుట్టుకున్న వ్యవస్థ ఆడించినట్టు ఆడతారా, తామై ఏమైనా చేయగలరా అన్న చర్చలో ఆ చేయగలగడాన్ని ఇంగ్లీషు సామాజికశాస్త్రం ‘ఏజెన్సీ’ అంటుంది. మన చరిత్ర రచనలో ఇది ముఖ్యంగా 1982లో మొదలైన సబాల్టర్న్ స్టడీస్ సంపుటాలతో స్థిరపడింది. ఆ తొలి సంపుటంలోనే డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప కొండల తిరుగుబాట్ల మీద వ్యాసం రాశాడు. ఆయన తీసుకున్న కాలం 1839 నుంచి 1924 దాకా. 1839 ఆ చట్టం వచ్చిన ఏడాది, 1924 సీతారామరాజును చంపిన ఏడాది. ప్రభుత్వం ఏజెన్సీ అని పేరు పెట్టిన నేల మీద ఆదివాసుల ఏజెన్సీని వెదికే రచనలకు ఇది మంచి ఉదాహరణ. ఇటువంటి రచనను తెలుగు చేయబోతే మొదటి పేజీలోనే ఈ రెండు మాటలూ గుద్దుకుంటాయి.

‘ఆదివాసుల ఏజెన్సీని ప్రభుత్వం గుర్తించలేదు’ అని రాశారనుకోండి. ప్రాంతాన్ని గుర్తించలేదనా, వారు తామై చేయగలరన్న సంగతిని గుర్తించలేదనా? రెండూ సాధ్యమే, రెండింటికీ ఫలితం వేరు. విభక్తులు కొంత సాయపడతాయి. ‘ఏజెన్సీలో’, ‘ఏజెన్సీకి వెళ్లాం’ అంటే ప్రాంతం. ‘ఏజెన్సీ ద్వారా’ అంటే సంస్థ. ‘వారికి ఏజెన్సీ ఉంది’ అంటే సామర్థ్యం అనుకుంటాం. గ్యాస్ బండలు అమ్మే కుటుంబం గురించి చెబుతున్నారేమో మాత్రం చూసుకోవాలి.

ఈ అర్థానికి ఇప్పుడు స్థిరపడుతున్న మాట కర్తృత్వం. ఇది సరైన మాటే. స్వతంత్రుడే కర్త అన్న భావం అందులో మిగిలి ఉంది. చిక్కల్లా తెలుగు సాహిత్య విద్యార్థికి కర్తృత్వం అంటే వెంటనే గ్రంథకర్తృత్వం గుర్తుకు రావడం. ఒక కావ్యం ఎవరిదన్న వివాదాన్ని కర్తృత్వ చర్చ అంటాం. సిద్ధాంత గ్రంథాల్లో మొదటిసారి వాడినచోట ఒక వాక్యంలో వివరణ ఇచ్చి, తరువాత అదే మాటను నిలకడగా వాడితే ఈ ఇబ్బంది తీరుతుంది. కొందరు క్రియాశీలత అంటున్నారు. అది హుషారుగా తిరిగేవారి గుణం. ఎవరి అధీనంలో ఆ పని జరుగుతోందో అది చెప్పదు. మా అభిప్రాయంలో ఆ మాటను వదిలేయడమే మంచిది. కథనంలో, జీవితచరిత్రలో, మామూలు వ్యాసంలో అయితే ‘చొరవ’ అనే తెలుగు మాటను ప్రయత్నించి చూడండి. ‘ఆ ఊరి స్త్రీల ఏజెన్సీ’ అనేకన్నా ‘ఆ ఊరి స్త్రీల చొరవ’ అంటే చదివేవారికి మనుషులు కనబడతారు. సిద్ధాంతం బరువు మొత్తాన్ని ఆ చిన్న మాట మోయలేదు. అలాంటి చోట తిరిగి కర్తృత్వం దగ్గరికి రావలసిందే.

ఇక ‘స్వయంసహాయక బృందాలు మహిళలకు ఏజెన్సీ ఇచ్చాయి’ లాంటి వాక్యాలు అభివృద్ధి నివేదికల్లో కోకొల్లలు. ఇక్కడ మాటకన్నా భావమే తేడాగా ఉంది. కర్తృత్వం ఒకరు ఇస్తే వచ్చేదయితే, పుచ్చుకున్నవారు మళ్లీ ప్రయోజ్య కర్తే అవుతారు. మూలంలోనే ఉన్న ఈ వైరుధ్యాన్ని అనువాదకుడు దిద్దకూడదు. కాని దాన్ని ‘సాధికారత కల్పించాయి’ అని నునుపు చేసి దాచకూడదు కూడా.

9.6 అభ్యాసం

ఈ వారం మీకు అందే ఏదైనా ఒక తెలుగు దినపత్రికలో ‘ఏజెన్సీ’ అనే మాట వచ్చిన వాక్యాలను సేకరించండి. ప్రతి దాని ఎదుట అది ప్రాంతమా, సంస్థా, అమ్మకపు హక్కా, సామర్థ్యమా రాయండి. సంస్థ అయితే అది ఎవరి తరఫున పనిచేస్తోందో వార్తలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ వాక్యాన్ని, తెలిసినంత మేరకు, అది తెలిసేలా తిరగరాయండి. ప్రాంతం అయితే ఆ గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉన్నదీ లేనిదీ మండల కార్యాలయంలో కనుక్కోండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ కత్తిరింపులను వెంట తెచ్చుకోండి.

కింది వాక్యాన్ని ‘ఏజెన్సీ’, ‘సంస్థ’ అనే మాటలు వాడకుండా మూడు రకాలుగా తిరగరాసి, మూడింటికీ అర్థంలో వచ్చిన తేడాను పది పంక్తుల్లో వివరించండి: ‘ఏజెన్సీ ప్రజల సమస్యలను ఏజెన్సీ దృష్టికి తీసుకువెళ్లారు.’